ఉమ్మడి గోడల ఊరు



అమెరికా తూర్పు తీరాన, వాషింగ్టన్‌కు 40 మైళ్ళ దూరంలో బాల్టిమోర్ అనే రేవు పట్టణం ఉంది. ఆ ఊళ్ళో పాత వీధి మొదట్లో నిలబడి చూస్తే ఏ ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చప్పున తెలియదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఎర్ర ఇటుక గోడ. ఒక తలుపు, ఒకటో రెండో కిటికీలు, మూడు తెల్ల రాతి మెట్లు. మళ్ళీ తలుపు, కిటికీలు, మెట్లు. ఒక్కో ఇంటి వెడల్పు 12 అడుగులో 14 అడుగులో ఉంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య జానెడు సందు కూడా ఉండదు. ఈ ఇంటి కుడి గోడే పక్కింటి ఎడమ గోడ. అక్కడివాళ్ళు వీటిని రోహౌస్‌లంటారు. మనం వరస ఇళ్ళని చెప్పుకుందాం.

పాత కట్టడాల సంరక్షణ అనగానే మనకు కోటలు, గుళ్ళు, దివాణాలు గుర్తొస్తాయి. చుట్టూ కంచె వేసి, గేటు దగ్గర టిక్కెట్లు అమ్మి, లోపల బోర్డులు పెడితే సంరక్షణ అయిపోయిందనుకుంటాం. వరస ఇంటి సంగతి వేరు. దాని గోడలో సగం పక్కవాళ్ళది. దాని దూలం ఆ గోడలోకి దిగి నిలబడుతుంది, పక్కింటి దూలమూ అదే గోడలోకి అటునుంచి దిగి నిలబడుతుంది. ఇలాంటి చోట ఒక్క ఇంటిని మాత్రం కాపాడతాను, పక్కది ఏమైనా నాకు పట్టదు అంటే కుదరదు. బాల్టిమోర్‌లో కొంతకాలం ఉండి, ఆ వీధులు తిరిగి, ఆ ఊరి చరిత్ర చదివాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఇదే. ఇవాళ మీ ముందు పెట్టదలచుకున్నదీ ఇదే.

ముందు ఈ ఇళ్ళు ఎలా వచ్చాయో కొంచెం చెప్పాలి. బాల్టిమోర్ చుట్టుపక్కల నేలలో ఇటుకకు పనికొచ్చే మంచి బంకమట్టి పుష్కలంగా ఉంది. చెక్క ఇళ్ళు పక్కపక్కనే ఉంటే ఒక నిప్పురవ్వకు వీధి మొత్తం బూడిదవుతుందని 18వ శతాబ్దం ముగిసేలోపే ఊరి నడిబొడ్డున చెక్క కట్టడాలను ఆపేశారు. రేవు పెరుగుతోంది, పనివాళ్ళు వస్తున్నారు, వాళ్ళకు ఇళ్ళు కావాలి. కట్టేవాళ్ళు ఒక్కో ఇల్లుగా కాకుండా వీధి వీధిగా కట్టుకుంటూ పోయారు. ఉమ్మడి గోడ వల్ల ఇటుక ఖర్చు తగ్గింది, చలికాలం వెచ్చదనమూ మిగిలింది.

అక్కడ ఇంకో చిత్రమైన పద్ధతి ఉంది. ఇల్లు కొంటారు, దాని కింద నేల మాత్రం కొనరు. నేలను 99 ఏళ్ళ కౌలుకు తీసుకుంటారు. ఆ కౌలును ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. నేల యజమానికి ఏటా కొన్ని పదుల డాలర్లు కడితే చాలు. దీనివల్ల కూలీనాలీ చేసుకునేవాళ్ళకు కూడా సొంత ఇల్లు అందుబాటులోకి వచ్చింది. ఆ ఇంటి డబ్బు కూడా ఎక్కడో పెద్ద బ్యాంకు నుంచి రాలేదు. చెక్, పోలిష్, జర్మన్ వలసదారులు పేటపేటకూ చిన్న రుణ సంఘాలు పెట్టుకున్నారు. వారం వారం కొంత వేస్తూ, వంతు వచ్చినప్పుడు అప్పు తీసుకుని ఇల్లు కొనుక్కునేవారు. మన చీటీల వంటిదే. ఆ కౌలు పద్ధతే తరవాతి తరాలకు ఉరితాడైంది. కొద్దిపాటి కౌలు బాకీ పడినందుకు ఇల్లే పోగొట్టుకున్న కుటుంబాల గురించి 2006లో బాల్టిమోర్ సన్ పత్రిక వరస కథనాలు రాసింది. మరుసటి ఏడాది మేరీలాండ్ శాసనసభ నివాస గృహాల మీద కొత్తగా అలాంటి కౌళ్ళు పెట్టకూడదని చట్టం చేసింది.

ఇళ్ళ ముందున్న ఆ తెల్ల రాతి మెట్లు చూడముచ్చటగా ఉంటాయి. ఊరికి ఉత్తరాన కాకీస్‌విల్ దగ్గర గనులున్నాయి, అక్కడి తెల్ల పాలరాయి. వాషింగ్టన్ నగరంలోని ఎత్తయిన స్మారక స్తంభానికి వాడిన రాయిలో చాలా భాగం కూడా ఆ ప్రాంతానిదే. దేశాధ్యక్షుడి పేరిట కట్టిన స్తంభానికీ, ఓడరేవు కూలీ ఇంటి గుమ్మానికీ ఒకే చోటి రాయి వాడిన ఊరది. ఆడవాళ్ళు ఉదయాన్నే బకెట్టు, బ్రష్షు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఆ మెట్లు తోమేవారు. ఎవరి మెట్లు మురికిగా ఉంటే వాళ్ళ గురించి వీధంతా మాట్లాడుకునేది.

కిటికీల సంగతి కూడా చెప్పాలి. 1913లో విలియం ఆక్టవెక్ అనే చెక్ వలసదారుకు తూర్పు బాల్టిమోర్‌లో, వీధి మూల మీద ఒక కిరాణా కొట్టు ఉండేది. ఎండకు కూరగాయలు వాడిపోతున్నాయని సరుకు లోపల పెట్టుకుని, గుమ్మానికి ఉన్న దోమల వలమీద కూరగాయల బొమ్మలు వేశాడు. బయటివాళ్ళకు బొమ్మ కనిపిస్తుంది, లోపలివాళ్ళకు వీధి కనిపిస్తుంది, గాలి ధారాళంగా వస్తుంది. కాలిబాటను ఆనుకుని కిటికీ ఉన్న ఇంట్లో అంతకంటే ఏం కావాలి? పొరుగింటావిడ తనకూ ఒకటి వేసిపెట్టమంది. చూస్తుండగానే వీధులకు వీధులే బొమ్మల వలలతో నిండిపోయాయి. హంసలు, కొలను, ఎర్ర పెంకుటిల్లు ఎక్కువగా కనిపించే బొమ్మలు. ఈ కళ ఇప్పుడు బాగా తగ్గిపోయింది కానీ పూర్తిగా పోలేదు.

ఇక ఈ ఇళ్ళు ఎలా పాడవుతాయో చూద్దాం.

బాల్టిమోర్ వరస ఇంటి పైకప్పు చూడటానికి చదునుగా ఉన్నా వెనక వైపుకు కొద్దిగా వాలు ఉంటుంది. వాన నీరంతా వెనక గోడ మీదున్న తూములోకి పోవాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ తూములో ఆకులు పేరుకుంటాయి. తీసేవాళ్ళుండరు. నీళ్ళు నిలిచి, కప్పు మీది తారు పొర పగిలి, వెనక గోడ తలలోకి దిగుతాయి. గోడ తడిసి, సున్నం కరిగి, చలికి లోపలి నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ఇటుక వరసలు కదులుతాయి. దూలాల కొసలు గోడ గూళ్ళలో ఉన్నాయి కదా, అవి తడిసి కుళ్ళుతాయి. దూలం కుళ్ళితే అంతస్తు జారుతుంది. అంతస్తు జారితే ముందు గోడను, వెనక గోడను లోపలికి పట్టి ఉంచే ఆధారం పోతుంది. అందుకే పాడుబడిన ఇంట్లో చాలాసార్లు వెనక గోడే ముందు కూలుతుంది. వీధిలో నడిచేవాడికి ముందు వైపు చక్కగానే కనిపిస్తూ ఉంటుంది.

పాత ఇళ్ళ ముందు గోడల మీద అక్కడక్కడ ఇనుప నక్షత్రాలు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు అలంకారం అనుకుంటారు. గోడ బయటికి ఉబ్బుతున్నప్పుడు లోపలి దూలాలకు ఇనుప కడ్డీ కట్టి, గోడలోంచి బయటికి తీసి బిగించిన బిళ్ళలవి. ఏ ఇంటికి నక్షత్రం ఉందో ఆ ఇంటి గోడ ఎప్పుడో ఒకప్పుడు కదిలింది, దాన్ని ఎవరో పట్టించుకున్నారు. పట్టించుకున్న ఇల్లు నూట యాభై ఏళ్ళయినా నిలబడుతుంది.

పాడుబడిన ఇంట్లోకి దిగిన నీరు ఆ ఇంట్లోనే ఆగదు. ఉమ్మడి గోడ తడుస్తుంది. ఆ గోడకు అవతల ఎవరో కాపురం ఉంటున్నారు. మనవళ్ళను చూసుకుంటున్న ఒక అవ్వ ఉంటుంది, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకున్న విద్యార్థులుంటారు. ఆ చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో చదివే మన తెలుగు పిల్లలు కూడా ఇలాంటి ఇళ్ళలో అద్దెకుంటారు. వాళ్ళ గోడకు చెమ్మ ఎక్కుతుంది, పెచ్చులు రాలతాయి, బూజు పడుతుంది. ఇంటి బీమా దొరకడం కష్టమవుతుంది. అవతలి ఖాళీ ఇంట్లో నిప్పంటుకుంటే వీళ్ళ ఇంటికీ వస్తుంది. 2022 జనవరిలో పశ్చిమ బాల్టిమోర్‌లోని సౌత్ స్ట్రికర్ వీధిలో ఖాళీ వరస ఇంట్లో మంటలు లేచి, ఆర్పడానికి లోపలికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో ముగ్గురు ఇల్లు కూలి చనిపోయారు. ఒకప్పుడు ఎవరికో ఆశ్రయమిచ్చిన ఇల్లు అది.

ఇటుక పని సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే బాగుచేయబోయి పాడుచేసిన గోడలే నేను ఎక్కువ చూశాను. పశ్చిమ బాల్టిమోర్‌లో ఒక వీధిలో గోడ దరజులు నింపుతున్న ఒక పెద్ద మేస్త్రి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆయన పాత సున్నం మీద గోటితో గీరితే పొడి రాలింది. ఇది మంచి గుర్తన్నాడు. పక్కనే ఎవరో పదేళ్ళ కిందటో ఇరవై ఏళ్ళ కిందటో సిమెంటుతో నింపిన భాగం చూపించాడు. సిమెంటు రాయిలా చెక్కు చెదరకుండా ఉంది. దాని చుట్టూ ఉన్న ఇటుకల ముఖాలు మాత్రం పొరలు పొరలుగా ఊడిపోయి, లోపలి మెత్తని ఎర్ర మట్టి బయటపడింది. ఆయన వేలితో తాకగానే చిటికెడు రాలింది.

కారణం తేలికే. పాత ఇటుకలు ఇవాళ్టి ఇటుకలంత గట్టివి కావు. వాటి మధ్య సున్నం ఇంకా మెత్తగా ఉండేది. గోడ ఎండకు వ్యాకోచించినా, చలికి ముడుచుకున్నా ఆ కదలికను సున్నం భరించేది. లోపలి చెమ్మ కూడా సున్నం దారినే బయటికి పోయేది. నూరేళ్ళకోసారి సున్నం అరిగితే గీకి కొత్తది నింపితే సరి, ఇటుకకు దెబ్బ తగలదు. గట్టి సిమెంటు పెడితే ఈ లెక్క తిరగబడుతుంది. చెమ్మ సిమెంటును దాటలేక ఇటుకలోంచి బయటికొస్తుంది. చలికి అక్కడే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పగలగొడుతుంది. అరగవలసింది సున్నం, అరిగిపోతున్నది ఇటుక. డంగు సున్నంతో పని చేసిన మన పాత తాపీ మేస్త్రీలకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. అమెరికా ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళ సంరక్షణ సూచనల్లో కూడా ఇదే మొదటి సూత్రం: నింపే మసాలా ఇటుక కంటే మెత్తగా ఉండాలి. దరజు వెడల్పుకు రెండున్నర రెట్ల లోతు దాకా పాతది తీసి మరీ నింపాలి. పైపైన మెత్తితే ఊడిపోతుంది.

ఇసుకను గాలి జోరుతో కొట్టి గోడ శుభ్రం చేసే పద్ధతి ఇంకా చేటు. బట్టీలో కాలినప్పుడు ఇటుక పైన గట్టి పొర ఏర్పడుతుంది. ఇసుక ఆ పొరను చెక్కేస్తుంది. ఆ రోజు ఇల్లు కొత్తదానిలా మెరుస్తుంది, ఆ తరవాత ప్రతి వానకూ నీళ్ళు తాగుతుంది. అలా చేసిన ఇంటికి సమాఖ్య ప్రభుత్వపు చారిత్రక కట్టడాల పన్ను రాయితీ కూడా దక్కదు.

బాల్టిమోర్‌కే ప్రత్యేకమైన మరొక పూత ఉంది, ఫార్మ్‌స్టోన్. ఆల్బర్ట్ నైట్ అనే ఆయన 1937లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇటుక గోడకు ఇనుప జాలీ మేకులతో కొట్టి, దానిమీద సిమెంటు మెత్తి, రాళ్ళ ఆకారంలో గీతలు గీసి రంగులద్దుతారు. దూరం నుంచి చూస్తే రాతి కట్టడంలా ఉంటుంది. అమ్మేవాళ్ళు ఇంటింటికీ తిరిగారు. ఇక రంగులు వేయించక్కరలేదు, దరజులు నింపక్కరలేదు అన్నారు. రోజంతా ఫ్యాక్టరీలో పని చేసి వచ్చి, ఏటా గోడకు రంగు వేసుకోలేని మనిషికి ఆ మాట తీయగా వినిపించడంలో వింతేముంది? వేలాది కుటుంబాలు అప్పు చేసి వేయించుకున్నాయి. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు కిట్టదు. తమ ఇల్లు నాలుగు కాలాల పాటు ఉండాలనే వాళ్ళు ఆ పని చేశారు. కానీ ఆ పొర వెనక చేరిన చెమ్మ బయటికి పోలేదు, మేకులు దిగిన ఇటుకలు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు దాన్ని ఊడదీసి లోపలి ఇటుకను బయటపెడుతున్నారు. ఊడదీశాక ఒక్కో మేకు చిల్లునూ సున్నంతో పూడ్చాలి. ఆ ఓపికా డబ్బూ లేనప్పుడు, చెమ్మ లేని గోడ మీది ఫార్మ్‌స్టోన్‌ను అలాగే ఉంచేయడమే మేలు.

గోడల సంగతి ఇంత చెప్పాక రోడ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. వానకంటే, సిమెంటుకంటే ఎక్కువ ఇళ్ళను పడగొట్టింది ఎక్స్‌ప్రెస్ రోడ్డు. 1960లలో నగరం గుండా పెద్ద హైవేలు వేయాలని ప్రణాళిక వేశారు. ఒక దారి తూర్పున రేవు పక్కనున్న ఫెల్స్ పాయింట్ మీదుగా, దక్షిణాన ఫెడరల్ హిల్ మీదుగా పోవాలి. ఇంకొక దారి పశ్చిమాన ఫ్రాంక్లిన్, మల్బరీ వీధుల నడుమ నుంచి పోవాలి. ఫెల్స్ పాయింట్ 18వ శతాబ్దం నాటి ఓడల పేట. నగరంలో మిగిలిన నివాసాల్లో అతి పాతదని చెప్పే 1765 నాటి రాబర్ట్ లాంగ్ ఇల్లు అక్కడే ఉంది. 1966లో అమెరికా చారిత్రక కట్టడాల సంరక్షణ చట్టం చేసింది. అదే ఏడాది రవాణా శాఖను ఏర్పరచిన చట్టంలో, వేరే దారి ఉన్నప్పుడు చారిత్రక స్థలాల మీదుగా రోడ్డు వేయడానికి వీల్లేదన్న నిబంధన చేరింది. ఫెల్స్ పాయింట్ జనం ఆ రెండు చట్టాలనూ గట్టిగా పట్టుకున్నారు. సంఘం పెట్టుకుని, ఇళ్ళ చరిత్రలు తవ్వి, 1969లో తమ పేటను జాతీయ చారిత్రక జాబితాలో చేర్పించారు. ఆ ఉద్యమంలో గొంతెత్తిన వారిలో బార్బరా మికుల్స్కీ అనే పోలిష్ కుటుంబపు సామాజిక కార్యకర్త ఒకరు. ఆ పోరాటమే ఆమెను నగర మండలికి, తరవాత అమెరికా సెనేట్‌కు తీసుకెళ్ళింది. చివరికి రోడ్డు దారి మారింది. 1985లో ఫోర్ట్ మెక్‌హెన్రీ దగ్గర నీటి అడుగున సొరంగం తెరిచారు. ఫెల్స్ పాయింట్ నిలిచింది.

పశ్చిమాన ఫ్రాంక్లిన్, మల్బరీ వీధుల మధ్యవి కూడా ఇటుక వరస ఇళ్ళే. అక్కడా పాలరాతి మెట్లున్నాయి, రుణ సంఘాల్లో దాచుకున్న డబ్బుతో కొన్న ఇళ్ళున్నాయి. ఉన్నవాళ్ళు ఎక్కువగా నల్లజాతివాళ్ళు. వాళ్ళూ ఊరుకోలేదు. సంఘాలు కట్టి, సభల్లో నిలబడి, తూర్పు పేటలవాళ్ళతో చేతులు కలిపి పోరాడారు. అయినా 971 ఇళ్ళు పోయాయి. అక్కడ పల్లంగా తవ్విన రోడ్డు మైలున్నర కూడా లేదు. మిగతా హైవే రానే రాలేదు కనుక అది ఎక్కడికీ చేరదు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఎక్కడికీ పోని హైవే అంటారు. 18వ శతాబ్దపు ఓడల పేటకు చరిత్ర ఉందని గుర్తించిన యంత్రాంగానికి, పశ్చిమాన ఉన్నవాళ్ళకూ చరిత్ర ఉందని తట్టలేదు. సంరక్షణ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. మంచి చట్టం ఉంది, పనిచేసింది, కొందరికే పనిచేసింది.

ఇది ఒక్క రోజులో జరిగింది కాదు. 1910లో మెక్‌మెకెన్ అనే నల్లజాతి న్యాయవాది తెల్లవాళ్ళుండే మెకల్లో వీధిలో కాపురం పెట్టగానే నగర మండలి ఒక శాసనం చేసింది. తెల్లవాళ్ళ వీధిలో నల్లవాళ్ళు, నల్లవాళ్ళ వీధిలో తెల్లవాళ్ళు కొత్తగా చేరరాదన్నది దాని సారాంశం. అమెరికాలో అలాంటి శాసనం చేసిన మొదటి నగరం బాల్టిమోరే. 1917లో సుప్రీంకోర్టు, లూయీవిల్ నగరపు కేసులో, ఇటువంటి శాసనాలు చెల్లవంది. ఆ తరవాత 1930లలో ఇళ్ళ రుణాల కోసం పటాలు గీసినప్పుడు నల్లవాళ్ళున్న పేటల చుట్టూ ఎర్ర రంగు పూశారు. ఎర్ర పేటలో ఇల్లు కొనడానికీ, కప్పు బాగుచేయించుకోడానికీ బ్యాంకు అప్పు పుట్టదు. అప్పు పుట్టకపోతే కప్పు కారుతుంది. కప్పు కారితే ఏమవుతుందో ఇందాక చెప్పాను. ఇప్పుడు ఆ పేటల్లో కూలిన వెనక గోడలు చూసి అక్కడి జనం ఇళ్ళు పట్టించుకోరని అనేవాళ్ళు ఈ పటం ఒకసారి చూడాలి.

1950లో ఆ నగర జనాభా 9,49,708. 2020లో 5,85,708. ఉక్కు, ఓడల పనులు పోయాయి, స్తోమత ఉన్నవాళ్ళు శివార్లకు తరలిపోయారు, ఇళ్ళు మాత్రం మిగిలాయి. పదేళ్ళ కిందట ఖాళీ ఇళ్ళు సుమారు 16,000 ఉండేవి. ఇప్పుడు తగ్గాయి, అయినా వేలల్లోనే ఉన్నాయి.

1973లో నగరం ఒక సాహసం చేసింది. కూలగొట్టడానికని సేకరించి పెట్టుకున్న ఇళ్ళను ఒక్కో డాలరుకు అమ్మడం మొదలుపెట్టింది. షరతు ఏమిటంటే కొన్నవాళ్ళే బాగుచేసుకోవాలి, బాగుచేసి అందులోనే ఉండాలి. ముందు స్టర్లింగ్ వీధి, తరవాత రేవు దగ్గర ఆటర్‌బైన్ అనే పేట. ఆటర్‌బైన్‌లో నూరుకు పైగా ఇళ్ళకు లాటరీ తీశారు. నగరమే తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. చెల్లాచెదురుగా ఇక్కడొకటి అక్కడొకటి కాకుండా వరసకు వరస ఒకేసారి ఇచ్చారు. అందరూ ఒకేసారి కప్పులు వేసుకున్నారు, ఒకరి మేస్త్రిని ఒకరు పిలుచుకున్నారు. ఉమ్మడి గోడకు రెండు వైపులా మనుషులున్నారు. అందుకే ఆ పేట ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉంది. అయితే డాలరు పేరుకే. బాగుచేయడానికి వేల డాలర్లు కావాలి, జీతం వచ్చే ఉద్యోగం కావాలి. ఇళ్ళు లేనివాళ్ళకు ఆ ఇళ్ళు పెద్దగా దక్కలేదు. 2024లో నగరం మళ్ళీ కొన్ని ఖాళీ ఆస్తులను డాలరుకు ఇచ్చే పథకం తెచ్చింది. ఈసారి ఎవరికి అందుతాయో గమనించాలి.

గొప్పవాళ్ళ పేరున్న ఇంటికి రక్షణ సులభంగా దొరుకుతుంది. రచయిత ఎడ్గార్ ఆలన్ పో 1830లలో ఉన్న చిన్న ఇటుక ఇల్లు ఎమిటీ వీధిలో ఉంది. చుట్టుపక్కల వరసలను తీసేసి ప్రభుత్వ గృహాలు కట్టినప్పుడు, పో అభిమానుల సంఘం పూనుకోబట్టి ఆ ఒక్క ఇల్లు బతికింది. సంతోషమే. కానీ వరస పోయి ఇల్లు మిగిలితే ఆ ఇల్లు ఎలా ఉండేదో అర్థం కాదు.

దానికంటే నాకు సౌత్ డల్లాస్ వీధిలోని ఐదు ఇళ్ళు ఎక్కువ ఇష్టం. ఫ్రెడెరిక్ డగ్లస్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. బానిసగా పుట్టి, ఫెల్స్ పాయింట్‌లో పిల్లవాడిగా దొంగచాటున చదువు నేర్చుకుని, ఓడలకు నారలు కూరే పని చేసి, 1838లో బాల్టిమోర్ నుంచే తప్పించుకుని స్వతంత్రుడై, బానిసత్వం మీద ప్రపంచమంతా వినేలా మాట్లాడిన మనిషి. పెద్దవాడయ్యాక, 1892లో ఆయన ఫెల్స్ పాయింట్‌కు వచ్చి, తను చిన్నప్పుడు ప్రార్థనకు వెళ్ళిన చర్చి ఉన్న స్థలం కొన్నాడు. ఆ చోట ఐదు రెండంతస్తుల ఇటుక ఇళ్ళు కట్టించాడు, నల్లజాతి కుటుంబాలకు అద్దెకిచ్చేందుకు. తనకు విగ్రహం కావాలనలేదు, సత్రం కట్టలేదు. ఆ వీధిలో అందరి ఇళ్ళలాంటివే కట్టాడు. వాటి మీద డగ్లస్ ప్లేస్ అని చెక్కిన రాతి పలక ఉంది. 1983 నుంచి ఆ ఇళ్ళు జాతీయ జాబితాలో ఉన్నాయి. మ్యూజియం కాలేదు. ఇవాళ్టికీ అందులో మనుషులు కాపురం ఉంటున్నారు, తలుపు తీసుకుని పనికి వెళుతున్నారు. వరస ఇంటి సంరక్షణ అంటే నా దృష్టిలో అలా ఉండాలి.

అలా నిలబెట్టడానికి ఏం చేయాలి అన్న ప్రశ్నకు బాల్టిమోర్ అనుభవం కొన్ని జవాబులిస్తోంది. అక్కడ 1964 నుంచి చారిత్రక కట్టడాల కమిషన్ ఉంది. చారిత్రక ఇంటిని సరైన పద్ధతిలో బాగుచేస్తే, పెరిగిన విలువ మీద 10 ఏళ్ళ పాటు ఆస్తి పన్నులో రాయితీ ఇస్తారు. మంచి పథకమే. ముందు డబ్బు పెట్టగలిగినవాడికి తరవాత లాభం వస్తుంది. ముందు పెట్టడానికే లేనివాళ్ళ సంగతి? సొంత ఇంట్లోనే ఉంటున్నవాళ్ళకు పన్ను లెక్కించే విలువ ఏడాదికి 4 శాతానికి మించి పెరగకుండా కట్టడి ఉంది. పక్క ఇళ్ళు బాగుపడి ధరలు పెరిగినప్పుడు పాతకాపులు పన్ను కట్టలేక వెళ్ళిపోకుండా అది కొంత ఆదుకుంటుంది. అద్దెకున్నవాళ్ళకు అదీ లేదు.

కూల్చివేత గురించి ఒక మాట. నడుమనున్న ఖాళీ ఇంటిని పడగొడితే పీడ విరగడైందనుకుంటారు. అలా పడగొట్టినప్పుడు ఉమ్మడి గోడ మొట్టమొదటిసారి ఎండనూ వాననూ చూస్తుంది. కట్టినవాళ్ళు బాగా కాలిన ఇటుకలు వీధి వైపు పెట్టి, బట్టీలో సరిగా కాలని లేత రంగు ఇటుకలు లోపలి గోడలకు వాడారు. లోపల ఉన్నంతకాలం వాటికి ఢోకా లేదు. వానకు మాత్రం అవి ఆగవు. కాబట్టి పడగొట్టిన చోట మిగిలిన గోడకు సరైన పూత పూయాలి, అంతస్తుకు అంతస్తుకు ఆధారం చూడాలి. అది సరిగా చేయకపోతే మరో పదేళ్ళలో రెండో ఇల్లూ పడగొట్టాలి. పడగొట్టిన ఇళ్ళ మంచి ఇటుకలను సున్నం దులిపి, పలకలకు కట్టి, దూర ప్రాంతాల హోటళ్ళకు, ఇళ్ళకు అమ్ముతున్నారు. సున్నంతో కట్టారు కాబట్టే ఇటుక చెడకుండా విడివడుతోంది. పారేయడం కంటే అమ్మడం మేలే. కానీ వేరే ఊరి భోజనశాల గోడకు అందం తెచ్చే ఆ ఇటుక, ఉన్న చోటే ఉంటే ఒక కుటుంబానికి గోడ అయ్యేది.

చివరిగా, ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక చిక్కు. చాలా ఇళ్ళ కాగితాలు ఎప్పుడో చనిపోయిన తాతల పేరు మీదే ఉన్నాయి. ఉంటున్నది మనవరాలు, పన్ను కడుతున్నదీ ఆవిడే. కాగితం ఆవిడ పేరున లేదు కనుక మరమ్మతుకు గ్రాంటు రాదు, అప్పు రాదు, పన్ను కట్టడి వర్తించదు. వారసుల సంతకాలు తెచ్చి పేరు మార్పించడానికి లాయరు కావాలి. మనకూ తెలిసిన బాధే కదా. ఆ కాగితాల పనికి ఉచిత న్యాయ సహాయం పెట్టడం, ఖాళీ ఇంటి పక్కనున్న కాపురాలకు ముందుగా కప్పు, తూము మరమ్మతులు చేయించడం, సున్నం పని తెలిసిన మేస్త్రీల దగ్గర ఆ పేటల పిల్లలనే పనిలో పెట్టి నేర్పించడం, ఈ మూడూ ఫలకాలు బిగించడం కంటే ముందు జరగాలి. నా చేతిలో డబ్బుంటే మొదటి రూపాయి తూములు బాగుచేయడానికి ఇస్తాను, కిటికీ చట్రాల రంగుకు చిట్టచివర ఇస్తాను.